ముల్లు యాభై దగ్గరుంటే ఎంతసేపు?
పీడనం, గేజీలు, వాటి కొలతల గురించి కొంత



మన వార్షిక సంచికలో ఏటా జమాఖర్చులు, స్కాలర్‌షిప్పులు అందుకున్న పిల్లల ఫోటోలు, పెద్దల సందేశాలు ఉంటాయి. ఈసారి సెక్రటరీగారు నన్ను పిలిచి, "మీరు ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేశారు. మన సిలిండర్లు చూసేదీ మీరే. ప్రెషర్ అంటే ఏమిటో అందరికీ అర్థమయ్యేట్టు ఒక వ్యాసం రాయండి" అన్నారు. నాకు రాయడం అలవాటు లేదు, గేజి చదవడమే అలవాటు. అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ముందు చెబుతాను.

2021 మే నెల మొదటి వారం. రమజాన్ రోజులు. కరోనా రెండో విడత ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. మీరిచ్చిన డబ్బుతో కొన్న సిలిండర్లు ఒక్కటి కూడా గోడౌన్‌లో నిలవడం లేదు. ఆ రోజు రాత్రి పది గంటలకు మా వీధికి నాలుగు వీధుల అవతల ఒక ఇంట్లో చిన్న సిలిండర్ బిగించాను. నిండు సిలిండర్. నిమిషానికి అయిదు లీటర్ల ధార పెట్టమని డాక్టరు చెప్పారు, పెట్టాను. కొడుకు ఇరవై ఏళ్ల కుర్రాడు, పక్కనే నిలబడి అన్నీ చూశాడు. "ముల్లు యాభైకి రాగానే నాకు ఫోన్ చెయ్యి, ఇంకో సిలిండర్ తెస్తాను" అని చెప్పి వచ్చేశాను. ఆ రోజు ఏడు ఇళ్లు తిరిగాను. ఇంటికి వచ్చి పడుకుంటే ఒళ్లు తెలియలేదు.

మూడు కావస్తుండగా ఫోన్ మోగింది. "చాచా, యాభైకి వచ్చింది" అన్నాడు. యాభై అంటే ఇంకా గంటన్నర పైన వస్తుంది కదా అని నింపాదిగా లేచి మొహం కడుక్కుంటున్నాను. పది నిమిషాలు కాకుండానే మళ్లీ ఫోన్. ధార ఆగిపోయింది, అమ్మీకి ఊపిరి ఆడటం లేదు, వేలికి పెట్టిన మీటరు 78 చూపిస్తోంది అని ఏడుస్తున్నాడు. ఆమెను బోర్లా పడుకోబెట్టమని చెప్పి గోడౌన్‌కి పరిగెత్తాను. సహరీ వేళ కావడం వల్ల వీధి అంతా మేలుకుని ఉంది. ఆటో దొరికింది, సిలిండర్ ఎత్తడానికి మనుషులు దొరికారు. పావుగంటలో బిగించాం. ఆమె బతికింది. ఇప్పుడు మనవడిని బడికి దింపి వస్తోంది. అల్‌హమ్దులిల్లాహ్.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ముల్లు యాభై మీదే ఉంది. అయితే ఆ రెగ్యులేటర్ డయల్ మీద రెండు వరసల అంకెలున్నాయి. బయటి వరసలో నల్లగా, పెద్దగా పీఎస్ఐ అంకెలు. లోపలి వరసలో ఎర్రగా, చిన్నగా కేజీ అంకెలు. మన పాత రెగ్యులేటర్లలో కేజీలే పెద్ద అంకెలు. ఆ హడావుడిలో దొరికిన రెగ్యులేటర్ తెచ్చాం, నేను చూసుకోలేదు. నేను చెప్పిన యాభై కేజీల యాభై, అతను చూసిన యాభై పీఎస్ఐ యాభై. మొదటిది వంద నిమిషాల ప్రాణవాయువు. రెండోది ఏడు నిమిషాలది. అర్ధరాత్రి దాటాక అతను రెండు మూడుసార్లు చూశాడట. ఒకసారి ఏడు వందలు, ఒకసారి అయిదు వందలు ఉందట. యాభైకి చాలా దూరం కదా అని ధైర్యంగా కూర్చున్నాడు. ఆ ఏడు వందలు అని చూసిన క్షణమే నాకు ఫోన్ రావలసిన క్షణం.

తప్పు నాది. ఈ వ్యాసం ఆ తప్పు గురించే.

నొక్కుడు, వైశాల్యం

ఒక వస్తువు మీద ఎంత బలం పడుతోంది అన్నది ఒక లెక్క. ఆ బలం ఎంత జాగాలో పడుతోంది అన్నది రెండో లెక్క. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది పీడనం, మనం ప్రెషర్ అనేది. మొండి కత్తితో ఎంత నొక్కినా ఉల్లిపాయ నలుగుతుందే గాని తెగదు. పదును పెట్టిన కత్తి అదే చేతి బలంతో దిగిపోతుంది. అంచు సన్నబడేసరికి అదే బలం చిన్న జాగాలో పడింది.

నీళ్ల విషయంలో ఒక ముచ్చట చెబుతాను. ఒక మసీదులో వుజూ కుళాయిల్లో నీళ్లు సన్నగా వస్తున్నాయని ఒక పెద్దమనిషి వెయ్యి లీటర్ల ట్యాంకు తీయించి, అదే దిమ్మె మీద రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టించారు. సంకల్పం మంచిదే. కుళాయిలో ధార మాత్రం మారలేదు. ఎందుకంటే నీటి పీడనం ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయి అన్నదాని మీద ఆధారపడదు, కుళాయికి ఎంత ఎత్తున ఉన్నాయి అన్నదాని మీదే ఆధారపడుతుంది. పది మీటర్ల ఎత్తుకు ఒక కేజీ. మూడు మీటర్ల ఎత్తుకు 0.3 కేజీ. ట్యాంకు పెద్దదైతే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, జోరుగా రావు. తర్వాత దిమ్మె లేపి, సున్నం పేరుకుపోయిన పైపు మార్చారు. అప్పుడు సరిపోయింది.

ఇక్కడ నేను కేజీ అన్నది బరువు కాదు. చదరపు సెంటీమీటరు జాగా మీద ఒక కేజీ బరువు వేసే నొక్కుడు. బాయిలర్ల దగ్గర, గ్యాస్ దుకాణాల దగ్గర అంత పొడుగు పేరు ఎవరూ అనరు. కేజీలు అంటారు. ఈ వ్యాసంలోనూ అలాగే వాడుతున్నాను.

ఒకే నొక్కుడుకు ఎన్ని పేర్లు

పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్లు అని. పంక్చర్ షాపులో "ముప్పై రెండు పాయింట్లు కొట్టు" అంటామే, ఆ పాయింట్లు ఇవే. ఒక కేజీకి 14.2 పీఎస్ఐ. బార్ అనేది మూడోది. బార్‌కీ కేజీకీ తేడా నూటికి రెండు మాత్రమే, మన పనికి రెండూ ఒకటే అనుకోవచ్చు. నాలుగోది పాస్కల్. ప్రపంచమంతా శాస్త్రానికి ఒప్పుకున్న కొలత ఇదే గాని మరీ చిన్నది. ఫోటోస్టాట్ కాగితం ఒకటి బల్ల మీద పరిస్తే అది బల్లను నొక్కే నొక్కుడు సుమారు ముప్పావు పాస్కల్. అందుకే వెయ్యి పాస్కళ్లను కిలోపాస్కల్ అనీ, తుఫాను వార్తల్లో వంద పాస్కళ్లను హెక్టోపాస్కల్ అనీ లెక్కిస్తారు. లక్ష పాస్కళ్లు ఒక బార్. ఇక అయిదోది డాక్టర్లది, పాదరసం మిల్లీమీటర్లు.

ఈ పాదరసం కొలత ఎక్కడి నుంచి వచ్చిందంటే ఇటలీ నుంచి. 1643లో టోరిచెల్లి అనే ఆయన ఒక వైపు మూసిన గాజు గొట్టం నిండా పాదరసం పోసి, పాదరసం ఉన్న గిన్నెలో తలకిందులుగా నిలబెట్టించాడు. పాదరసం మొత్తం కారిపోకుండా సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలబడింది. దాన్ని నిలబెట్టింది గిన్నె మీద నొక్కుతున్న గాలి. అయిదేళ్లకు, 1648లో, ఫ్రాన్సులో పాస్కల్ తన బావగారి చేత అలాంటి గొట్టాన్ని కొండ మీదికి మోయించాడు. పైకి వెళ్లేకొద్దీ పాదరసం దిగింది. అంటే పైన గాలి బరువు తక్కువ. మన దగ్గరా అంతే. బందరులో పాదరసం 760 దగ్గర నిలబడితే, అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో నలభై, యాభై మిల్లీమీటర్లు తక్కువగా నిలబడుతుంది.

పాదరసం నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు. అందుకే ముప్పావు మీటరు గొట్టం చాలింది. అదే పని నీటితో చేయాలంటే పది మీటర్ల పైన గొట్టం కావాలి, అంటే మూడంతస్తుల మేడ.

గాలి మనందరినీ ఎప్పుడూ చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ చొప్పున నొక్కుతూనే ఉంది. లోపలా బయటా ఒకేలా ఉంది గనుక మనకు తెలియదు. గేజీలకూ తెలియదు. గాలి ఒత్తిడినే అవి సున్నాగా పెట్టుకుంటాయి. గేజి ముల్లు సున్నా చూపించే సిలిండర్ లోపల కూడా బయట ఉన్నంత పీడనంతో వాయువు ఉంటుంది. కాని బయటి గాలితో సమానం కాబట్టి బయటికి రాదు. మనకు కావలసింది బయటికి వచ్చేది. కాబట్టి గేజి చూపించే అంకెతోనే లెక్క వేసుకోవచ్చు.

డయల్ లోపల

గేజి వెనక మూత విప్పి చూసినవాళ్లు తక్కువ. లోపల ఉన్నది చాలా సులువైన వస్తువు. ఉరుసులో పిల్లలకు కొనిస్తామే, ఊదితే చాచుకుని వదిలితే చుట్టుకునే కాగితం పీపీ, అదే సూత్రం. ఒక వైపు మూసిన, కొంచెం నొక్కి బల్లపరుపు చేసిన ఇత్తడి గొట్టం చంద్రవంకలా వంచి ఉంటుంది. లోపలికి పీడనం వస్తే ఆ వంక విప్పుకోవాలని చూస్తుంది. కొస కదిలేది రెండు మూడు మిల్లీమీటర్లే. ఆ కదలికను చిన్న పళ్ల చక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. దీనికి 1849లో పేటెంటు తీసుకున్న ఫ్రెంచి ఆయన పేరు బూర్డోన్. నేను పనిచేసిన పొగాకు కంపెనీ బాయిలర్ మీద ఉన్నదీ ఇదే, మీ సిలిండర్ మీద ఉన్నదీ ఇదే.

బాయిలర్ దగ్గర మా మేస్త్రి నేర్పిన పనులు మూడు. ఒకటి, గేజి చదివే ముందు అద్దం మీద వేలితో మెల్లగా తట్టాలి. పళ్లలో ఇరుక్కున్న ముల్లు అప్పుడు కదులుతుంది. రెండు, డయల్ మీద ఎర్ర గీత ఎక్కడుందో ముందు చూడాలి. బాయిలర్ ఎంతవరకు తట్టుకుంటుందో అక్కడ గీస్తారు. మూడు, బాయిలర్ ఆపి చల్లారాక ముల్లు సున్నాకు వచ్చిందా అని చూడాలి. మూడో పని మన సిలిండర్ రెగ్యులేటర్లకూ, బీపీ యంత్రాలకూ కూడా చేయాలి. ఒక చిక్కు ఉంది. చాలా గేజీల్లో సున్నా దగ్గర ఒక చిన్న మేకు ఉంటుంది. చెడిపోయి ఇంకా కిందికి పోవలసిన ముల్లు కూడా ఆ మేకు మీద ఆగి, సున్నా దగ్గర బుద్ధిగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి సున్నాకు రాని గేజి చెడిందని ఖాయంగా చెప్పవచ్చు గాని, సున్నాకు వచ్చిన గేజి మంచిదని చెప్పలేం. దాన్ని పరీక్ష చేయించాలి.

పరీక్ష ఎలాగంటే మళ్లీ మొదటి పాఠమే. వైశాల్యం కచ్చితంగా తెలిసిన చిన్న ముషలకం మీద, బరువు కచ్చితంగా తెలిసిన ఇనప బిళ్లలు పెడతారు. బరువును వైశాల్యంతో భాగిస్తే కింద ద్రవంలో పీడనం ఎంతో తెలిసిపోతుంది. గేజి ఆ అంకె చూపించాలి. డెడ్ వెయిట్ టెస్టర్ అంటారు. సాధారణంగా దానిలో నూనె వాడతారు. ఆక్సిజన్ గేజిని మాత్రం నూనె పెట్టి పరీక్షించకూడదు. అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే అంటుకుంటుంది. అందుకే ఆక్సిజన్ గేజీల డయల్ మీద నూనె వాడవద్దని రాసి ఉంటుంది. పరీక్షకు ఇచ్చేటప్పుడు "ఇది ఆక్సిజన్‌ది" అని నోటితో చెప్పి, కాగితం మీద రాసి మరీ ఇవ్వాలి. ఇంట్లో సిలిండర్ వాల్వు బిగుసుకుంటే కొబ్బరినూనె చుక్క వేసినవాళ్లను నేను చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు.

సిలిండర్ లెక్క

సిలిండర్ మెడ దగ్గర అది ఎన్ని లీటర్ల నీళ్లు పట్టేదో చెక్కి ఉంటుంది. మన చిన్న సిలిండర్, బీ టైపు అనేది, పది లీటర్లది. పెద్దది, డీ టైపు, 46.7 లీటర్లది. ఆ లీటర్లను గేజి చూపించే కేజీలతో హెచ్చించండి. లోపల ఎన్ని లీటర్ల ప్రాణవాయువు వాడకానికి ఉందో వస్తుంది. దాన్ని నిమిషానికి వదిలే లీటర్లతో భాగించండి. ఎన్ని నిమిషాలో వస్తుంది.

నిండు చిన్న సిలిండర్ 150 కేజీలు చూపిస్తుంది. పదితో హెచ్చిస్తే 1500 లీటర్లు. నిమిషానికి అయిదు లీటర్లయితే 300 నిమిషాలు, అయిదు గంటలు. రెండు లీటర్లయితే పన్నెండున్నర గంటలు. పెద్ద సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 7000 లీటర్లు. అయిదు లీటర్ల ధారకు ఇరవై మూడు గంటల పైన. ముల్లు యాభై కేజీల దగ్గరుంటే చిన్న సిలిండర్‌లో 500 లీటర్లు, వంద నిమిషాలు. డయల్ మీద పీఎస్ఐ ఉంటే ముందు 14తో భాగించి కేజీలు చేసుకోండి. 500 పీఎస్ఐ అంటే 35 కేజీలు, చిన్న సిలిండర్‌లో 350 లీటర్లు, డెబ్బై నిమిషాలు. ఇదంతా సెల్‌ఫోన్‌లో అరనిమిషం పని.

వేసవిలో ఇంకో మోసం ఉంది. 27 డిగ్రీల దగ్గర 150 చూపించిన సిలిండర్ 45 డిగ్రీల ఎండలో వేడెక్కితే 159 చూపిస్తుంది. ఆక్సిజన్ ఏమీ పెరగలేదు, వేడికి పీడనం పెరిగింది. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడమనేది కూడా ఇందుకే. మన అంబులెన్స్ డ్రైవరుకు ఇది నేను చెప్పనక్కర్లేదు, నాకే అతను చెబుతాడు.

వంటగ్యాస్ సిలిండర్‌కు గేజి పెట్టి ఎంత మిగిలిందో ఎందుకు చూడరని కొందరు అడుగుతారు. అందులో ఉన్నది ద్రవం. అడుగున ద్రవం కొంచెమైనా ఉన్నంతసేపు పైన ఆవిరి పీడనం దాదాపు మారదు. నిండుగా ఉన్నప్పుడూ ఒకటే, పావు మిగిలినప్పుడూ ఒకటే. అందుకే దాన్ని తూకం వేస్తారు. ఆక్సిజన్ సిలిండర్‌లో ఉన్నది మొదటి నుంచీ వాయువే, కాబట్టి వాడిన కొద్దీ ముల్లు దిగుతుంది. ముల్లును నమ్మవచ్చు, అది ఏ వరస మీద ఉందో తెలిస్తే.

ధార చూపించే మీటరు వేరు. నీళ్ల సీసా పైన నిలువు గొట్టంలో చిన్న గుండు తేలుతుంటుంది, అది నిమిషానికి ఎన్ని లీటర్లో చెబుతుంది. గుండు మధ్యభాగం ఏ గీత దగ్గరుందో అది చదవాలి. సిలిండర్‌లో ఎంత మిగిలిందో దానికి తెలియదు. గుండు హాయిగా అయిదు దగ్గర తేలుతోంది కదా అని ముల్లును చూడడం మానేసిన ఇళ్లు ఎన్నో. సిలిండర్ దాదాపు అయిపోయేదాకా అది అలాగే తేలుతుంది.

బీపీ పట్టీ

శుక్రవారం శిబిరంలో మనం ఎక్కువగా కొలిచేది రక్తపోటు. 1733లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే పాదిరీ ఒక గుర్రం రక్తనాళానికి నిలువు గాజు గొట్టం తగిలిస్తే, రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎక్కిందని రాశాడు. మనిషి మీద అలా చేయలేం. ఇటలీ డాక్టరు రివా రోచి 1896లో చేతికి చుట్టే పట్టీ కనిపెట్టాడు. రష్యా డాక్టరు కొరోత్‌కోవ్ 1905లో స్టెతస్కోప్‌తో వినే పద్ధతి చెప్పాడు. పట్టీలో గాలి నింపి రక్తనాళాన్ని నొక్కేస్తారు. మెల్లగా గాలి వదులుతుంటే మొదటి చప్పుడు వినపడే చోట పై అంకె, చప్పుడు ఆగిపోయే చోట కింది అంకె. 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే నీళ్లలో చెబితే 163 సెంటీమీటర్లు, సుమారు మనిషి నిలువు. కేజీల్లో 0.16. ఇంత చిన్న పీడనం కొలుస్తున్నాం కాబట్టి చిన్న పొరపాటే పెద్దదవుతుంది.

మన శిబిరంలోనే నేను చూసినవి చెబుతాను. తల్లులు, అక్కచెల్లెళ్లు నలుగురి ముందు బుర్ఖా చెయ్యి పైకి తీయడానికి మొహమాటపడతారు. వాలంటీరు కుర్రాళ్లకూ మొహమాటమే. దాంతో గుడ్డ మీదనే పట్టీ చుట్టేవాళ్లు. లేదా చేతిని బిగుతుగా పైకి మడిచి, ఆ మడత కింద చుట్టేవాళ్లు. రెండూ తప్పే, అంకె సరిగా రాదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పట్టీ లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో ఎనభై శాతమైనా తిరగాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఆనాలి. పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఇది వుజూ ట్యాంకు లెక్కే, నీళ్ల బదులు రక్తం. మెట్లెక్కి ఆయాసంతో వచ్చినవాళ్లను అయిదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చోబెట్టాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడించకూడదు. మనవాళ్లు చెయ్యి చాచి పట్టీ చుట్టించుకుంటూనే అల్లుడి సంగతులు మొదలుపెడతారు.

ఈ పొరపాట్లు రెండు మూడు కలిస్తే 130 ఉన్నవాళ్లు 150 అవుతారు. ఊరికే జీవితాంతం మాత్రలు మొదలవుతాయి. యంత్రమే తక్కువ చూపిస్తుంటే దానికి ఎదురు, మాత్రలు కావలసినవాళ్లు నిశ్చింతగా ఇంటికి పోతారు. రెండోది ఇంకా ప్రమాదం.

పాదరసం బీపీ యంత్రాలు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. పాదరసం విషం కాబట్టి, 2013లో చాలా దేశాలు కుదుర్చుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం వాటి తయారీ ఆపేయాలి. వాటి స్థానంలో ముల్లువి, బ్యాటరీవి వచ్చాయి. పాదరసం గొట్టం కంటికి కనపడే నిజం, పాదరసం తగ్గితే సున్నా దగ్గరే తెలిసిపోయేది. ముల్లు యంత్రం జేబులోంచి ఒకసారి నేల మీద పడితే చాలు, పైకి మామూలుగా కనిపిస్తూనే పది మిల్లీమీటర్లు తప్పు చెప్పవచ్చు. కాబట్టి కొత్తవాటిని ఏడాదికోసారైనా పరీక్షకు పంపాలి.

మన నీళ్ల ప్లాంటు మీద గేజీలు రెండెందుకని అడిగారు ఒకరు. ఫిల్టర్‌కు ముందొకటి, తర్వాతొకటి. రెండింటికీ తేడా పెరుగుతోందంటే ఫిల్టర్ మూసుకుపోతోందని. ఒక్కటే గేజి ఉంటే అది తెలియదు. అంతే.

కొలత పేరు అడగకపోతే

చదువుకున్నవాళ్లు ఇలాంటి పొరపాటు చేయరనుకోవద్దు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానం 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయి ఇంజన్లు ఆగిపోయాయి. దాని ఇంధనం గేజీలు పనిచేయడం లేదు. చేత్తో లెక్క వేశారు. కెనడా అప్పుడే పౌండ్ల నుంచి కేజీలకు మారుతోంది. లీటరు ఇంధనం బరువు కేజీల్లో వేయవలసిన చోట పౌండ్ల అంకె వేశారు. 22,300 కేజీలు కావలసిన విమానంలో సగం కంటే తక్కువ ఉంది. పైలట్లు ఇంజన్లు లేని విమానాన్ని గాలిపటంలా తేల్చుకుంటూ గిమ్లీ అనే చోట పాత వైమానిక దళం రన్‌వే మీద దించారు, అందరూ బతికారు. లెక్క వేసినవాళ్లందరూ శిక్షణ పొందినవాళ్లే. ఎవరూ ఆ అంకె కేజీలదా, పౌండ్లదా అని అడగలేదు. నేను దాని గురించి చదివినప్పుడు ఆ మే నెల రాత్రి గుర్తొచ్చింది.

ఇప్పుడు దాతలకు ఒకటి రెండు విన్నపాలు. మీలో చాలామంది సిలిండర్ కొనివ్వాలనుకుంటారు. దాని మీద మీ అమ్మానాన్నల పేరు రాయిస్తాం, అది చూసి సంతోషిస్తారు. న్యాయమే. కాని గేజి పరీక్ష రుసుము మీద ఎవరి పేరూ రాయలేం, కాబట్టి దానికి ఎవరూ ఇవ్వరు. సిలిండర్లకు అయిదేళ్లకోసారి నీటి పీడనంతో చేయించే పరీక్ష సంగతీ అంతే. గోడౌన్‌లో ఉన్న సిలిండర్లలో కొన్నింటికి ఆ గడువు దగ్గర పడింది. గడువు దాటితే వాటిని నింపకూడదు. అప్పుడు అవి ఎవరి పేరు రాసి ఉన్న ఇనప డబ్బాలైనా ఒకటే. కొత్త సిలిండర్ ఖరీదు ముందు ఈ ఖర్చు చిన్నది. ఈ ఏడాది జమాఖర్చుల్లో "పరీక్షలు, మరమ్మతులు" అనే పద్దు విడిగా చూపించమని సెక్రటరీగారిని అడిగాను, ఒప్పుకున్నారు.

రెగ్యులేటర్ కొనిచ్చేవాళ్లు కేజీలు గాని, బార్ గాని పెద్ద అంకెల్లో ఉన్నదే ఇప్పించండి. శిబిరానికి బీపీ యంత్రం ఇచ్చేవాళ్లు దానితోపాటు పెద్ద పట్టీ ఒకటి ఇవ్వండి. ఆడవాళ్ల వైపు పరదా కట్టించాం. అక్కడ కూర్చోడానికి ఇద్దరు నర్సింగ్ చదివిన అమ్మాయిలు వస్తున్నారు. వెన్ను ఆనే కుర్చీలు ఇంకా రెండు కావాలి.

ఆ రెండు వరసల రెగ్యులేటర్లు మన దగ్గర మూడున్నాయి. పారేయలేదు, బాగానే పనిచేస్తాయి. వాటి అద్దం మీద, 50 కేజీలు వచ్చే చోట ఎర్ర రంగుతో గీత గీశాను. పీఎస్ఐ వరసలో అది 710 దగ్గర పడుతుంది. ప్రతి సిలిండర్ మెడకు ఒక అట్ట కట్టాం. ముల్లు ఎక్కడుంటే రెండు లీటర్ల ధారకు ఎన్ని గంటలు, అయిదు లీటర్లకు ఎన్ని గంటలు అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉంది. సిలిండర్ ఇచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ల చేత ముల్లు చదివించి, ఆ అట్టలో ఎన్ని గంటలో వాళ్ల నోటితోనే చెప్పించుకుని, ఆ టైముకు మా ఫోన్లో అలారం పెట్టుకుని వస్తున్నాం. అట్టలు తడికి పాడవుతున్నాయి, ఈసారి ప్లాస్టిక్ లామినేషన్ చేయించాలి.